ఐదో తుపాకీ

పోయిన వారం మిమ్మల్ని మా పెరట్లో, సగం నిండిన ట్రక్కు పక్కన నిలబెట్టి వెళ్లిపోయాను. ఇప్పుడు ట్రక్కు పూర్తిగా నిండింది. ఇల్లు చేతులు మారింది. కొన్నది చికాగో నుంచి వచ్చిన జంట. శని ఆదివారాల్లో వచ్చి చెట్లు చూస్తారట. నలభై ఒక్క ఏళ్లు ఆ చెట్ల ఆకులు ఊడ్చినదాన్ని, వాటిని చూడ్డానికి కూడా మనుషులు వస్తారని నాకెవరూ చెప్పలేదు.

ఈ కథ కొత్తగా చేతిలోకి తీసుకున్నవాళ్ల కోసం నాలుగు మాటలు. నా పేరు ట్వైలా బార్జర్. మా ఆయన ఆర్లిస్. ఇల్లినాయ్‌కి అట్టడుగున, ఒహాయో నది ఒడ్డున పుట్టాం. అక్కడే పెళ్లాడాం. ఇప్పుడు నది దాటి కెంటకీకి కాపురం మారుస్తున్నాం. ఎంత దూరమంటారా? కొత్త ఇంటి వసారాలో నిలబడితే పాత ఇంటి పొగగొట్టం కనబడుతుంది. నవ్వొస్తే నవ్వండి, నేనూ మొదట నవ్వాను. కానీ రాష్ట్రం మారితే చట్టం మారుతుంది. ఆర్లిస్‌కి కావలసింది అదే. నన్నేదో లాక్కెళ్తున్నాడని మాత్రం జాలిపడకండి. నన్ను లాక్కెళ్లగలిగే మనిషి ఆ నదికి రెండు వైపులా లేడు.

రాష్ట్రంలో మనుషులంతా చికాగోలో ఉన్నారని, మా వైపు ఉన్నవి జింకలని, జింకలకు ఓటు లేదు కాబట్టి మా మొర ఎవరికీ వినబడదని ఆర్లిస్ ఎప్పుడూ అనేవాడు. మా బడి మూసేసి పిల్లల్ని ఎక్కడో ముప్ఫై మైళ్ల అవతల కలిపారు. మా చర్చి రెండుగా చీలిపోయి, భవనం అమ్మేశారు. నేను బాప్తిస్మం పుచ్చుకున్న చోట ఇప్పుడు సీసాలు పేర్చి వైను రుచి చూపిస్తున్నారు. అవన్నీ దిగమింగాడు. తుపాకుల చట్టం మాత్రం గొంతుకు అడ్డం పడింది. ఫలానా రకం తుపాకులు ఇక కొనకూడదు, ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మార్చకూడదు. ముందే ఉన్నవాళ్లు కొత్త సంవత్సరం లోపల వాటి నంబర్లతో ఆన్‌లైన్‌లో ప్రమాణపత్రం దాఖలు చేయాలి. చేయకపోతే నేరం. "మా నాన్న నాకు తుపాకీ ఇచ్చిన రోజే బాధ్యత కూడా ఇచ్చాడు. ఇప్పుడు నంబర్లు అప్పజెప్పి అనుమతి అడుక్కుంటే నేను దొంగనని ఒప్పుకున్నట్టే" అన్నాడు ఆర్లిస్. మా బ్లఫ్ రోడ్డు గన్ క్లబ్బులో బల్ల ఎక్కి మరీ అన్నాడు. చెయ్యి విరిగినా సంతకం పెట్టనని ఒట్టు వేశాడు. ముప్ఫై నలుగురు సభ్యులూ అతనితో పాటు చేతులెత్తారు.

ఆ తర్వాత, ముప్ఫై నలుగురిలో ఒకరు సంతకం పెట్టారని పుకారు పుట్టింది. "మీ క్లబ్బు తరఫున ఒకరు మా కంప్యూటర్ మీదే పని కానిచ్చుకెళ్లారు" అని లైబ్రరీ అమ్మాయి నోరు జారింది. పేరు మాత్రం చెప్పలేదు. ఆ వారం లైబ్రరీలో కనబడ్డ క్లబ్బు మనిషి ఒక్కడే, డోయిల్ ట్రోవిలియన్. మా పక్క గట్టు మీద ఇల్లు. ఆర్లిస్‌కి ఆరేళ్లప్పటి నుంచీ ప్రాణ స్నేహితుడు. రెండేళ్లయింది వాళ్లిద్దరి మధ్య మాటల్లేక.

సంతకం పెట్టింది డోయిల్ కాదు, నేను. మొదటి నుంచీ చదువుతున్న మీకు ఆ సంగతి తెలుసు. మా ఆయనకు మాత్రం ఈ శనివారం దాకా తెలియదు.

మా ఇంట్లో కాగితమన్నది ముట్టేది నేనొక్కదాన్నే. పన్నులు, ట్రాక్టరు బీమా, వేట లైసెన్సులు, ఆసుపత్రి ఫారాలు అన్నీ నేనే నింపుతాను. ఆర్లిస్ సంతకం ఆర్లిస్ కంటే నేనే బాగా పెడతాను. ఆ ఏడు అతని గుండెకు స్టెంటు వేశారు. దారిలో ఏ పోలీసో ట్రక్కు ఆపి వెనక సీటు మీద ఉన్నది చూస్తే, మా ఆయన మాత్రల సీసా లేకుండా లాకప్పులో కూర్చుంటాడని నాకు కంటి మీద కునుకు లేదు. అతను జింకల వేటకు వెళ్లిన రోజు బీరువా తెరిచి, నంబర్లు ఎక్కించుకుని, లైబ్రరీకి వెళ్లి పని ముగించుకొచ్చాను. అందుకు అప్పుడూ సిగ్గుపడలేదు, ఇప్పుడూ పడను. కానీ నింద డోయిల్ మీద పడ్డాక నోరు మూసుకు కూర్చున్నాను చూడండి, దానికి సిగ్గుపడుతున్నాను. నది దాటేలోపల చెప్పేయాలని వారం రోజులుగా అనుకుంటూ, ఒక్కో పెట్టెకూ తాడు బిగిస్తూ వాయిదా వేస్తూ వచ్చాను.

శనివారం మధ్యాహ్నం, బండ్లను నది దాటించే రెండింటి పడవలోకి మా ట్రక్కు ఎక్కాలి. మా వైపు ఎవరు ఊరు విడిచినా రేవు దగ్గర బర్గూ అనే మాంసం పులుసు వండి పెట్టి పంపిస్తారు. తెల్లవారకముందే మంట వేసి, పెద్ద ఇనప కాగులో కోడి, గొడ్డు మాంసం, మొక్కజొన్న, బెండకాయలు, ఎవరింట్లో ఏది ఉంటే అది వేసి, తెడ్డు ఆపకుండా కలుపుతారు. దానికి ఒకటే నియమం. ఎవరు ఏది తెచ్చినా కాగులో పడాల్సిందే, కాదనకూడదు. పంతొమ్మిది వందల ముప్ఫై ఏడు వరదలప్పుడు దొంగ తెచ్చిన కోడిని కూడా వేశారని, ఆ కోడి గలవాడే రెండు గిన్నెలు తిన్నాడని మా తాతయ్య చెప్పేవాడు. కాగు వెండెల్‌ది. ఎనభై నాలుగేళ్లు వచ్చినా తెడ్డు ఇంకొకరి చేతికి ఇవ్వడు.

పన్నెండు దాటాక డోయిల్ ట్రక్కు వచ్చి ఆగింది. అతన్ని ఎవరూ పిలవలేదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం నున్నగా గీసుకున్నాడు. చేతిలో గుడ్డ కప్పిన గిన్నె ఉంది. జనంలో మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"వెండెల్, ఇది కూడా వెయ్. తాబేలు మాంసం. ఎండాకాలంలో పట్టి ఫ్రీజర్లో పెట్టా," అన్నాడు డోయిల్.

ఒకప్పుడు డోయిల్ వంతు ఉడతలు. భార్య లీటా పోయాక వేట మానేశాడు. వెండెల్ గిన్నె కోసం చెయ్యి చాచాడు.

"ఆగు వెండెల్," అన్నాడు ఆర్లిస్. "అది కాగులో పడదు."

"పిచ్చి మాటలు మాట్లాడకు. కాగు నాది. వరదనాటి నుంచీ ఒకరి గిన్నె వెనక్కి పంపింది లేదు."

"ఇవాళ పంపుతాం. ప్రభుత్వం కాళ్ల మీద పడ్డవాడి చేతి కూడు నేను తినను."

"తినకపోతే మానెయ్‌రా," అన్నాడు డోయిల్ తాపీగా. "నీకెవడు తెచ్చాడు? ట్వైలాకి తాబేలంటే ఇష్టమని తెచ్చా."

ఎవరో కిసుక్కున నవ్వి, ఆర్లిస్ చూపు తగిలి దగ్గుగా మార్చుకున్నారు.

"నువ్వు వెయ్యకు వెండెల్, చెప్తున్నా. ముప్ఫై నలుగురం చేతులెత్తి ఒట్టేశాం. వీడొక్కడు వెనక నుంచి వెళ్లి మనందరి మొహాన ఉమ్మేశాడు. ఇప్పుడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి గిన్నె పట్టుకుంటే అయిపోతుందా?"

డోయిల్ అక్కణ్ణుంచి కదల్లేదు. గిన్నె చాపిన చెయ్యి అలాగే ఉంది. కాగు ముందు గిన్నె పట్టుకుని నిలబడ్డ మనిషిని మా రేవులో ఎవరైనా అంతసేపు నిలబెట్టడం నేనెప్పుడూ చూడలేదు. నా చేతిలో మొక్కజొన్న రొట్టెల పళ్లెం ఉంది. దాన్ని బల్ల మీద పెట్టేశాను.

"ఆర్లిస్, ఆ సంతకం నాది," అన్నాను.

"ఏ సంతకం?"

"నీ సంతకం. నేనే పెట్టా. నీ తుపాకీ లైసెన్సు కార్డు నంబరు, నీ పేరు, నీ పాస్‌వర్డు. అది మన కుక్క పేరే కదా, మార్చమని పదేళ్లుగా మొత్తుకుంటున్నా."

"హాస్యాలాడుతున్నావా?"

"నేను హాస్యమాడితే నీకెప్పుడైనా అర్థమైందా?"

వెండెల్ తెడ్డు ఆపేశాడు. "అడుగంటుతోందయ్యా, కలుపు" అని ఎవరో అన్నారు. అతను కలపలేదు.

ఆర్లిస్ మొహం ముందు ఎర్రబడి, తర్వాత తెల్లబడింది. "నేను బల్లెక్కి అరిచాను," అన్నాడు. "రెండేళ్లు అరిచాను. వీళ్లందరూ నన్ను చూసి ఒట్టేశారు."

"నువ్వు బల్లెక్కావ్. దిగాక జైలుకెళ్లకుండా చూసుకుంది నేను."

"నన్నడగొచ్చుగా?"

"అడిగితే వద్దంటావ్."

"అంటాను!"

"అందుకే అడగలేదు."

ఆడవాళ్లలో ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆర్లిస్ నవ్వలేదు. నలభై ఒక్క ఏళ్లలో అతను నా మీద అరవడం చాలాసార్లు విన్నాను. అది నాకు ఒక లెక్క కాదు. కానీ అప్పుడు అరవలేదు. గొంతు బాగా తగ్గించాడు.

"నన్ను అబద్ధాలకోరుని చేశావ్, ట్వైలా. నాకు తెలియకుండానే చేశావ్."

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. "చేశాను," అన్నాను. "నీ పరువు తీసింది నేనే, ఒప్పుకుంటా. కెంటకీలో నన్ను వేరే గదిలో పడుకోమన్నా పడుకుంటా. కానీ ఈ మనిషి ఏ తప్పూ చెయ్యలేదు. రెండేళ్లు వాడి మీద నువ్వు రాళ్లేశావ్, నేను చూస్తూ కూర్చున్నా."

డోయిల్ వైపు తిరిగాను. క్షమించమని అడగాలని నోటిదాకా వచ్చింది. అతని మొహం చూసి ఆగిపోయాను. అక్కడున్న అందరి మొహాల్లోనూ ఆశ్చర్యం ఉంది, డోయిల్ మొహంలో తప్ప.

"నీకు తెలుసు!" అన్నాను.

"పక్క కంప్యూటర్ దగ్గర కూర్చున్నా కదా. వేట కుక్కల వంశాలు చూసుకుంటున్నా. నువ్వు నంబర్లు పైకి చదువుకుంటూ కొట్టావ్. రెండో క్లాసు నుంచీ నీకదే అలవాటు."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే వీడు ఇంట్లో నీతో మాట్లాడ్డం మానేస్తాడు. నాతో మానేస్తే ఏం పోయింది? నా ఇంట్లో ఎలాగూ మాట్లాడేవాళ్లు లేరు."

నాకు ఏడుపొచ్చింది. అంతమంది ముందూ నిలబడి ఏడ్చాను. ఏప్రాన్‌తో ముక్కు తుడుచుకున్నాను. డోయిల్ ఇబ్బందిగా టోపీ సర్దుకుని, గిన్నె ఎవరైనా అందుకుంటారని ఎదురు చూడకుండా తనే వెళ్లి మాంసం కాగులో వంచేశాడు. ఈసారి ఆర్లిస్ అడ్డు చెప్పలేదు. అతను అక్కడ లేడు, మనిషి ఉన్నాడు గానీ ఆలోచన ఎక్కడో ఉంది. అతనికి నిజంగా దిగ్భ్రమ కలిగినప్పుడు పెదాలు కదుపుతూ ఏదో లెక్కపెట్టుకుంటాడు.

"ట్వైలా, ఎన్ని రాశావ్?" అన్నాడు.

"బీరువాలో ఉన్నవన్నీ."

"ఎన్ని?"

"ఐదు."

"ఆ రకానివి మనకున్నవి నాలుగే."

"ఐదు," అన్నాను. కాగితాల దగ్గర నేను పొరపాటు పడనని అతనికీ తెలుసు. "ఐదోది బీరువాలో వెనక, పాత దుప్పట్లో చుట్టి దాచావ్. నాకు చెప్పకుండా ఇంకోటి కొన్నావని అర్థమైంది. సరే, నాకు చెప్పకుండా కొన్నదాన్ని నీకు చెప్పకుండా రాసేశా. చెల్లుకు చెల్లనుకున్నా."

మామూలుగా అయితే ఆ మాటకు మా రేవంతా గొల్లుమనేది. కానీ ఆర్లిస్ డోయిల్ వంక చూస్తున్నాడు. డోయిల్ నేల చూస్తున్నాడు. అది గమనించిన వాళ్లెవరూ నవ్వలేదు.

"అది నేను కొన్నది కాదు," అన్నాడు ఆర్లిస్. "వీడిది."

సంగతి అప్పుడు నాలుగు ముక్కల్లో బయటపడింది. నాలుగేళ్ల కింద లీటాను పాతిపెట్టిన వారంలో, డోయిల్ ఎవరికీ చెప్పకుండా తన తుపాకులన్నీ వేరే ఊళ్లో ఉన్న కొడుక్కి పంపేశాడు. ఈ ఒక్కటి లీటా తన చివరి క్రిస్మస్‌కి కొనిచ్చింది. దాన్ని కొడుక్కి కూడా ఇవ్వలేక, ఓ పొద్దున మా వసారాలోకి తెచ్చి ఆర్లిస్ చేతిలో పెట్టాడు. "కొన్నాళ్లు ఇది నా ఇంట్లో ఉండకూడదు. ఎందుకని అడక్కు," అన్నాడట. ఆర్లిస్ అడగలేదు. ఎవరితోనూ అనలేదు, నాతో కూడా. మా మగవాళ్లు అలాంటి మాటలు కడుపులోనే పెట్టుకుంటారు. తర్వాత రెండేళ్లు మాటలు లేకపోయినా, ఆర్లిస్ అతన్ని నోటికొచ్చినట్టు తిట్టినా, ఆ తుపాకీ మా బీరువాలోనే ఉంది. నేను దాన్ని మా ఆయన పేరున ప్రభుత్వానికి రాసిచ్చాను.

"సరే, తెలిసిపోయింది కదా," అన్నాడు డోయిల్. "నాకది ఇవాళ కావాలి."

"ఇవాళే ఎందుకు?"

"నువ్వు వెళ్లిపోతున్నావ్ కదా. నాది నాకిచ్చి వెళ్లు."

"నాలుగేళ్లు అడగలేదు నువ్వు."

"నాలుగేళ్లూ నువ్వు పక్కనే ఉన్నావ్." డోయిల్ గొంతు మామూలుగానే ఉంది. "మాట్లాడకపోతేనేం, పొద్దున్నే మీ వంటింటి దీపం వెలిగేది. అది చూసి లేచి కాఫీ పెట్టుకునేవాణ్ణి. రేపట్నుంచి ఆ ఇంట్లో శనివారం దాకా ఎవరూ ఉండరు."

వెండెల్ నా పక్కకు వచ్చి నెమ్మదిగా అన్నాడు. "నిన్న సాయంత్రం వీడు తన కుక్కని తెచ్చి నాకిచ్చేశాడు ట్వైలా. తిండి సంచితో సహా. ఎందుకో అనుకున్నా."

నా చూపు డోయిల్ మీదికి పోయింది. ఆర్లిస్ కూడా ఆ మాట విన్నాడు.

"ఇవ్వను," అన్నాడు.

"నాదిరా అది."

"కాదు, నాది. కాగితం చూసుకో. నా పేరు, దాని నంబరు, ప్రమాణం చేసి రాసింది. నా చేతి నుంచి నీ చేతికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదు."

డోయిల్ తలెత్తి చూశాడు. "చట్టమా? నువ్వు? చట్టం గురించి చెప్తున్నావా?"

"చెప్తున్నా. నేను చట్టానికి లోబడ్డ పౌరుణ్ణి. మా ఆవిడనడుగు."

రెండేళ్లు బూతులు తిట్టిన చట్టాన్ని, ఊరు విడిచిపెట్టించిన చట్టాన్ని, మా ఆయన రెండు చేతులా పట్టుకుని స్నేహితుడికి అడ్డంగా నిలబడ్డాడు. క్లబ్బు వాళ్లంతా చూస్తున్నారు. వాళ్లేమనుకుంటారో అన్న చింత అతని మొహంలో ఎక్కడా లేదు. నా మీద కోపం కూడా పక్కన పెట్టేశాడు. ఆ క్షణంలో నాకు ఆర్లిస్ అంటే పెళ్లినాటి కంటే ఎక్కువ ఇష్టం కలిగింది.

డోయిల్ నా వైపు తిరిగాడు. "ట్వైలా, నువ్వు చెప్పు. రెండేళ్లు నీకోసం నోరు మూసుకున్నా. నేను అడుగుతున్నదల్లా ఒక్క నిజం. అది ఎవరిది?"

ముప్ఫై నలుగురు, వాళ్ల పెళ్లాలు, వాళ్ల పిల్లలు, అందరూ నన్నే చూస్తున్నారు. అతనిదని చెప్పేస్తే నా నోటితో నేనే దొంగ ప్రమాణం చేశానని ఒప్పుకున్నట్టు. దానికి నేను భయపడలేదు. ఇస్త్రీ చొక్కా వంకా, నున్నటి గడ్డం వంకా చూశాను.

"ఆర్లిస్‌ది," అన్నాను. "నేనే కదా రాసింది."

డోయిల్‌ని ఊరందరి ముందూ రెండోసారి అబద్ధాలకోరుని చేశాను. ఈసారి తెలిసే చేశాను. మళ్లీ అడిగినా అదే చెప్పి ఉండేదాన్ని, గొంతు కూడా వణకకుండా.

డోయిల్ కోపగించలేదు. తల ఊపాడు. ఖాళీ గిన్నె బల్ల మీద నా రొట్టెల పక్కన పెట్టి, టోపీ తీసి అందులో ఉంచాడు. తర్వాత తన ట్రక్కు వైపు కాకుండా, రేవు వాలు మీదుగా కిందికి నడవడం మొదలుపెట్టాడు. పడవ కోసం వరసలో ఆగిన కార్లు దాటాడు. కాసేపు ఒంటరిగా కూర్చోవడానికి వెళ్తున్నాడనుకున్నాను. పడవ ఇంకా అవతలి గట్టునే ఉంది. వాలు చివర సిమెంటు అయిపోయినా అతను ఆగలేదు.

నా పక్క నుంచి ఆర్లిస్ పరుగెత్తాడు. బల్ల తగిలి పళ్లేలు పడ్డాయి.

"డోయిల్!" అని అరిచాడు. రెండేళ్ల తర్వాత అతని నోట ఆ పేరు రావడం అదే మొదటిసారి. అప్పటికి డోయిల్ నడుము లోతు నీళ్లలో ఉన్నాడు, వెనక్కి తిరగలేదు.